చాయ్ హోటల్‌లో మిత్తి లెక్క



పొద్దున ఆరింటికి నల్లగొండ గడియారం చౌరస్తాలోనైనా, పాలమూరు క్లాక్ టవర్ దగ్గరైనా, ఆ రెంటికీ నడుమ ఉన్న మా దేవరకొండ బస్టాండు దగ్గరైనా చాయ్ హోటళ్లు తెరిచే ఉంటాయి. బత్తాయి తోటలకు నీళ్లు పెట్టివచ్చినవాళ్లు, అడ్డా మీద కూలి కోసం నిలబడేవాళ్లు, హైదరాబాదు బస్సు కోసం చూసేవాళ్లు ఒక్క చాయ్‌ని రెండు గ్లాసుల్లో పంచుకుని కూర్చుంటారు. వేరేచోట కాఫీ దగ్గర నడిచే ముచ్చట మా దగ్గర చాయ్ మీద నడుస్తుంది. వానలు, ఓట్లు, సినిమాలు అయిపోయాక మాట పైసల మీదికి వస్తుంది. ఎవరు ఏ ధరకు పొలం అమ్మిండ్రు, ఎవరి చిట్టీ ఎంతకు పోయింది, బిడ్డ పెళ్లికి ఎవరు ఎక్కడ తెచ్చిండ్రు. పొద్దుపోని మాటలని చాలామంది దీన్ని కొట్టిపారేస్తారు. నేను అట్ల అనుకోను. మన మెట్ట ప్రాంతపు పేదవాడికి సర్కారు బీమా, బ్యాంకు బీమా రాకముందు నుంచీ ఉన్న బీమా ఈ దోస్తుల ముచ్చటే. అయితే దాన్ని మనం సగమే వాడుకుంటున్నాం. ఇవాళ చెప్పదలచింది అదే.

ఈ మాటకు సాక్ష్యం మన ఊళ్లలోనే ఉంది. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ సంస్థ 1972లో పటాన్‌చెరులో మొదలైంది. మూడేళ్లకు, 1975లో, ఆ సంస్థవాళ్లు ఒక పని తలపెట్టారు. రైతు ఎట్లా బతుకుతున్నాడో తెలియాలంటే ఊళ్లోనే మనిషిని ఉంచి, ఇంటింటి జమాఖర్చు రాయాలనుకున్నారు. అందుకు మొదట ఎంచుకున్న ఆరు ఊళ్లలో రెండు పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లావి. ఒకటి అవురుపల్లి, రెండోది డోకూరు. మిగతా నాలుగు మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల ఊళ్లు. అవురుపల్లి మాడ్గుల మండలంలోది, 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు రంగారెడ్డిలో కలిసింది. డోకూరు దేవరకద్ర దగ్గర. ఒక్కో ఊళ్లో నలభై కుటుంబాలు. భూమి లేని కూలీలు, చిన్న రైతులు, మధ్యతరగతి రైతులు, పెద్ద రైతులు, తలా పదిళ్లు. ఎవరు ఏం పండించారు, ఏం తిన్నారు, ఎవరికి ఎంత ఇచ్చారు, ఎవరి దగ్గర తెచ్చుకున్నారు, అన్నీ ఏళ్ల తరబడి రాసుకుంటూ పోయారు. అవురుపల్లి అప్పుడు ఆముదం, జొన్న పండే ఊరు, గౌండ్లవాళ్ల కల్లు గీత మీద ఎన్నో ఇళ్లు బతికే ఊరు.

ఆ లెక్కల పుస్తకాలు ప్రపంచంలోని అర్థశాస్త్రజ్ఞుల చేతికి పోయాయి. 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆచార్యుడు అవురుపల్లినీ, మహారాష్ట్రలోని మరో రెండు ఊళ్లనూ తీసుకుని ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఆయన అడిగిన ప్రశ్న చిన్నది. ఒక ఇంట్లో పంట పోయిన ఏడాది ఆ ఇంటివాళ్లు తినే తిండి కూడా అంతే పడిపోతుందా? లెక్క తీస్తే అట్లా పడిపోలేదని తేలింది. ఆదాయం ఒక ఏడు ఎక్కడికో లేస్తుంది, ఒక ఏడు పాతాళానికి పోతుంది. తిండి మాత్రం అంత ఊగిసలాడదు. ఊరు మొత్తం బాగున్న ఏడు ఆ ఇల్లూ బాగుంటుంది, ఊరు మొత్తం ఎండిన ఏడు అందరితో పాటు ఆ ఇల్లూ తగ్గించుకుంటుంది. అంటే ఒకరి కష్టం ఒకరి మీదే పడకుండా ఊళ్లో ఏదో పంపకం జరుగుతున్నది. చేబదులు, ఉద్దెర, ధాన్యం బదులు, చుట్టాల సాయం, ఇవన్నీ కలిస్తే ఆ పంపకం. ఆ మూడు ఊళ్లలో ఒకదాంట్లో మాత్రం భూమి లేని కూలీ ఇళ్లకు ఈ రక్షణ తక్కువగా అందిందని కూడా అదే వ్యాసం చెప్పింది. ఆ మాట మరిచిపోవద్దు, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇదే ఇక్రిశాట్ లెక్కల నుంచి 1989లో మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ అనే ఇద్దరు ఇంకొకటి పట్టుకున్నారు. మన మెట్ట ఊళ్లలో ఆడపిల్లలను పక్క ఊళ్లకు కాకుండా కొంచెం దూరపు ఊళ్లకు ఇవ్వడం వెనుక వానల లెక్క కూడా ఉందన్నారు. మన ఊరిని దాటిపోయిన మబ్బు బిడ్డ ఊళ్లో కురవొచ్చు. అట్లా దూరపు వియ్యం ఉన్న ఇళ్లలో కరువు ఏడాది తిండికి ఒడిదొడుకులు తక్కువని వాళ్ల లెక్క. మన ముసలమ్మలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. అయినా, తెలిసిన సంగతికి లెక్క తోడైతే దానికి బలం వస్తుంది.

లెక్క అనే మాట వచ్చింది కాబట్టి మా చాయ్ దోస్తుల దగ్గరికి వస్తాను. బత్తాయి తోట ఉన్న రైతన్న ఒకరు, బోరు మోటార్లు రిపేరు చేసే మెకానిక్ ఒకరు, ఆటో నడిపే తమ్ముడు ఒకడు, బ్యాంకులో పనిచేసి రిటైరైన సారు ఒకరు. సారుకు షుగరు, అందుకని ఆయన చాయ్‌లో చక్కెర వెయ్యరు. ఒకరోజు ఆటో తమ్ముడు సంతోషంగా చెప్పాడు.

"యాభై వేలు దొరికినయ్ సారూ, మూడ్రూపాల మిత్తికి. నెలకు పదిహేను వందలే. రోజుకు యాభై రూపాలు పక్కకు పెడితే అయిపోతది."

సారు గ్లాసు కింద పెట్టి అడిగారు. "అసలు ఎప్పుడు కడ్తవు తమ్మీ?"

"అసలు ఎప్పుడో చూస్తం."

"అట్లయితే విను. ఏడాదికి మిత్తి పద్దెనిమిది వేలు. మూడేండ్లు పోతే యాభై నాలుగు వేలు. నువ్వు తెచ్చింది యాభై. అసలు కంటే ఎక్కువ కట్టినవు, అసలు మాత్రం తెచ్చిన కాడనే ఉన్నది."

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. చదువు రానివాడు కాదు, ఇంటర్ దాకా చదివాడు. నెలకు నూటికి మూడు రూపాయలు అంటే ఏడాదికి ముప్పై ఆరు శాతం అని ఎవరూ ఆ పక్క నుంచి ఆయనకు చూపించలేదు, అంతే. మన దగ్గర మిత్తిని నెలకు, నూటికి చెప్పే అలవాటు ఉంది. బ్యాంకువాళ్లు ఏడాదికి చెబుతారు. ఒకరు రెండు అంటారు, ఒకరు తొమ్మిది అంటారు, వినేవాడికి రెండే తక్కువగా వినిపిస్తుంది. రూపాయి మిత్తి అంటే ఏడాదికి పన్నెండు శాతం. రెండు రూపాయలంటే ఇరవై నాలుగు. 2004 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాలకు ఇచ్చిన పావలా వడ్డీ అంటే ఏడాదికి మూడు శాతం. రైతుకు మూడు లక్షల దాకా బ్యాంకు పంటరుణం ఏడు శాతానికి వస్తుంది, గడువులోపల కడితే మూడు శాతం తగ్గి నాలుగే పడుతుంది. మూడ్రూపాల మిత్తి దానికి తొమ్మిది రెట్లు. మిత్తి కూడా అసలులో కలిసే చక్రవడ్డీ అయితే ఇంకో లెక్క ఉంది. డెబ్బై రెండును ఏడాది శాతంతో భాగిస్తే అప్పు ఎన్నేళ్లకు రెట్టింపు అవుతుందో ఇంచుమించుగా తెలుస్తుంది. ఇరవై నాలుగు శాతానికి మూడేళ్లు. ముప్పై ఆరు శాతానికి రెండేళ్లు. దీనికి కాగితం కూడా అక్కర్లేదు, చాయ్ చల్లారేలోపు నోటితోనే చెయ్యొచ్చు.

అన్నిటికంటే ప్రమాదమైన మిత్తి కనబడని మిత్తి. మెకానిక్ అన్న ఒకసారి రైతన్నను నిలదీసిన ముచ్చట ఇది. పురుగుమందు నగదుకు వెయ్యి రూపాయలు, ఉద్దెరకు పదకొండు వందల యాభై అనుకుందాం. పత్తి ఏరి అమ్మిన తర్వాత, నాలుగు నెలలకు బాకీ తీరుస్తారు. దుకాణంవాడు మిత్తి అనే మాటే ఎత్తడు. అయినా వెయ్యికి నాలుగు నెలల్లో నూట యాభై ఎక్కువ ఇచ్చారు కదా. అంటే నెలకు నూటికి మూడు రూపాయల డెబ్బై ఐదు పైసలు, ఏడాదికి నలభై ఐదు శాతం. పంటను కూడా ఆ దుకాణానికే అమ్మాలన్న షరతు ఉంటే తూకంలో, ధరలో పోయేది వేరే. దుకాణందారునికీ ఖర్చులున్నాయి, మునిగే బాకీలున్నాయి, ఆయనను దొంగ అనడం నా ఉద్దేశం కాదు. మనం ఎంత కడుతున్నామో మనకు తెలియాలి. తెలిసి తెచ్చుకునే అప్పు వేరు, తెలియక మోసే అప్పు వేరు.

ఇక్కడ పాలమూరు లేబర్ మాట చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. దేశంలో ఎన్ని డ్యాములకు, ఎన్ని కాలువలకు, ఎన్ని రోడ్లకు పాలమూరు మనుషులు మట్టి మోశారో లెక్క లేదు. వానకాలం పంట అయ్యాక మేస్త్రి ఊళ్లోకి వస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు, గుంపును లారీ ఎక్కిస్తాడు. అడ్వాన్సు చేతిలో పడ్డప్పుడు అది అప్పులాగ అనిపించదు, సంపాదన ముందే వచ్చినట్టు అనిపిస్తుంది. పాత షావుకారు బాకీ తీర్చొచ్చు, పెళ్లి చెయ్యొచ్చు. అయితే అడ్వాన్సు తీసుకున్న మనిషి ఆ సీజను మొత్తానికి కూలి ధరను బేరమాడే హక్కును వదులుకున్నట్టే. పక్క సైటులో ఎక్కువ ఇస్తున్నా పోలేడు. జబ్బు చేసి పదిరోజులు పడుకుంటే ఆ రోజులు బాకీలో కలుస్తాయి. లెక్క మేస్త్రి పుస్తకంలో ఉంటుంది, కూలీ చేతిలో ఉండదు. అప్పు పేరుతో మనిషిని కట్టేసి పని చేయించుకోవడం నేరమని 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. చట్టం ఉన్నా, చేతిలో లెక్క లేని మనిషి దాన్ని అడ్డం పెట్టుకోవడం కష్టం. అందుకని వలస పోయే ప్రతి గుంపులో ఒక్కరైనా, పదో తరగతి చదివే పిల్లవాడి పాత నోటుబుక్కులోనైనా సరే, రోజువారీ హాజరు, తీసుకున్న పైసలు రాసుకోవాలి. టౌన్‌సెండ్ లెక్కలో ఒక ఊళ్లో భూమి లేనివాళ్లకు రక్షణ తక్కువ అని తేలిందని ఇంతకుముందు చెప్పాను. ఊరి పంపకంలో తక్కువ అందినవాడే మేస్త్రి అడ్వాన్సుకు మొదట చెయ్యి చాపుతాడు.

అప్పు చేసేవాడు ఆలోచన లేనివాడు అనే మాటను నేను ఎన్నో వేదికల మీద విన్నాను, విన్న ప్రతిసారీ బాధపడ్డాను. ఆ మాట తప్పని చెప్పడానికి కూడా మన ఊళ్లే ఆధారం. 1970ల చివర్లో హాన్స్ బిన్స్‌వాంగర్ అనే పరిశోధకుడు ఈ ఇక్రిశాట్ ఊళ్లలో రైతులతో, కూలీలతో నిజమైన పైసలు పెట్టి బొమ్మాబొరుసు ఆట ఆడించాడు. తక్కువైనా ఖాయంగా వచ్చేది తీసుకుంటావా, ఎక్కువ రావొచ్చు అసలే రాకపోవచ్చు, దానికి పోతావా అని అడిగాడు. పైసల మొత్తం చిన్నగా ఉన్నప్పుడు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా ఆడారు. రోజుల తరబడి కూలీతో సమానమైన మొత్తం ముందుకు వచ్చేసరికి ఇంచుమించు అందరూ జాగ్రత్తలో పడ్డారు. ఉన్నవాడూ లేనివాడూ దాదాపు ఒకే తీరుగా ఆలోచించారు. బుద్ధిలో తేడా లేదు. ఒకరు ధైర్యంగా కొత్త పంట వేస్తారు, ఇంకొకరు వెయ్యలేరు అంటే, ఆ తేడా చేతికి అందే పెట్టుబడిలో, అప్పు దొరికే చోటులో ఉందని ఆయన తేల్చాడు. పేదవాడికి నీతులు చెప్పే ముందు ప్రతి ఒక్కరూ ఈ ఫలితాన్ని ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుండు.

చిట్టీల సంగతికి వద్దాం. దోస్తుల మధ్య పైసల ముచ్చట చివరికి చిట్టీగానే రూపం కడుతుంది. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, ఇరవై నెలలు, లక్ష రూపాయల చిట్టీ అనుకోండి. మొదటి నెలల్లో అవసరం ఉన్నవాడు పాట పాడి ఇరవై ఐదు వేలు తగ్గించుకున్నాడు, చేతికి డెబ్బై ఐదు వేలు వచ్చాయి. ఆ ఇరవై ఐదు వేలలో నడిపేవాడి కమీషన్ ఐదు వేలు పోతే మిగిలిన ఇరవై వేలు ఇరవై మందికి తలా వెయ్యి. ఆ నెల అందరూ నాలుగు వేలే కడతారు. ముందు ఎత్తుకున్నవాడికి చిట్టీ అప్పు, చివరిదాకా ఆగినవాడికి పొదుపు. ఒకే బల్ల మీద అప్పు తీసుకునేవాడూ పొదుపు చేసేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. చిట్టీలో నాకు నచ్చేది అదే.

అది నిలబడేది మాత్రం ఎత్తుకున్నవాడు చివరిదాకా కడితేనే. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీ నడపాలంటే రిజిస్ట్రారు అనుమతి ఉండాలి, చిట్టీ మొత్తానికి సరిపడా పూచీ ముందే పెట్టాలి. 2019లో చేసిన సవరణతో నడిపేవారి కమీషన్ హద్దు ఐదు శాతం నుంచి ఏడు శాతానికి పెరిగింది. రిజిస్టరైన చిట్టీలో చేరేవాడు దాని రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి, ఒప్పంద పత్రం నకలు తీసుకోవాలి. మన వాడకట్టులో తెలిసినవాళ్లు నడిపే చిట్టీకి ఈ రక్షణ ఏదీ లేదు. నడిపే మనిషి ముఖమే పూచీ. ఆ మనిషి రాత్రికి రాత్రే ఇల్లు ఖాళీ చేసిన కథలు మిర్యాలగూడలో, జడ్చర్లలో, ప్రతి ఊళ్లో వినబడతాయి. అందరి కంటే ఎక్కువ మోసపోయేది పనిమనుషులు, బీడీలు చుట్టే అమ్మలు, కూరగాయలు అమ్మేవాళ్లు. వాళ్ల పైసలకు కాగితం ఉండదు.

నమ్మకం గురించి ఇక్కడ ఒక మాట. 2003లో దేశంలోనే మొదటిసారిగా వానల బీమా పాలమూరు జిల్లాలో అమ్మారు. బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కంపెనీ, ప్రపంచబ్యాంకు సలహాతో, వేరుశనగ, ఆముదం వేసే రెండు వందల పైచిలుకు రైతులకు ఇచ్చారు. పొలానికి వచ్చి పంట నష్టం కొలిచే పని లేదు. వానమాపకంలో నమోదైన వాన ఒక హద్దు కంటే తగ్గితే డబ్బు వస్తుంది. తెలివైన పద్ధతి. అయినా తర్వాతి ఏళ్లలో అనుకున్నంత మంది కొనలేదు. ఎందుకు కొనలేదని పరిశోధకులు పాలమూరు, అనంతపురం ఊళ్లలో ఇంటింటికీ తిరిగి చూశారు. రెండు కారణాలు గట్టిగా కనబడ్డాయి. ఒకటి, విత్తనాలకు పైసలు కావాల్సిన రోజుల్లోనే బీమాకూ పైసలు అడుగుతున్నారు, చేతిలో ఉండవు. ఆ సమయానికి కొంచెం నగదు చేతికి అందిన ఇళ్లలో బీమా కొన్నవాళ్లు బాగా పెరిగారు. రెండోది, చెప్పేవాడి మీద నమ్మకం. తమకు తెలిసిన, తమ ఊరికి వచ్చిపోయే మనిషి మంచిదని చెబితే కొన్నారు, లేకుంటే ఆగారు. పాలసీ కాగితం ఒకటే, మారింది చెప్పిన మనిషి.

ఈ ఫలితంలో మంచీ ఉంది, చెడూ ఉంది. తెలిసినవాడు చెబితే మనం నమ్ముతాం. మంచి పథకమైనా అట్లనే మన దాకా వస్తుంది, గొలుసుకట్టు మోసమైనా అట్లనే వస్తుంది. "నేను కట్టిన, నాకు వచ్చినయ్, నువ్వు ఇంకో ఇద్దర్ని చేర్పియ్యి" అని చెప్పేవాడు మన చాయ్ దోస్తే అయి ఉంటాడు, వాడు కూడా మోసపోతున్నవాడే అయి ఉంటాడు. నెలకు పది శాతం ఇస్తామంటే ఆ పది ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఏం అమ్మితే వస్తున్నాయి అని ఒక్కరు అడిగినా ఆ ముచ్చట అక్కడ ఆగుతుంది. అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం చేసింది. బ్యాంకులో దాచిన పైసలకు 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో ఖాతాదారుకు, ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల దాకా బీమా ఉంది. ఫోనులో లింకు పంపి నెలకు రెట్టింపు ఇస్తామనేవాడి చేతిలో పెట్టిన పైసలకు ఆ బీమా లేదు.

ఇప్పటిదాకా నేను చెప్పిందంతా మగవాళ్ల బల్ల గురించే. చాయ్ హోటల్లో మన ఆడవాళ్లు కూర్చోరు, కూర్చుంటే చూసే చూపులు మనకు తెలుసు. వాళ్ల బల్ల వేరే ఉంది, అది మనకంటే బాగా నడుస్తున్నది. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో మహిళా పొదుపు సంఘాలను పెద్ద ఎత్తున కట్టారు. రోజుకు రూపాయి చొప్పున దాచిన సంఘాలవి. ఆ అనుభవం మీదనే తర్వాత వెలుగు పథకం వచ్చింది, ఇప్పటి గ్రామ సమాఖ్యలకు పునాది అదే. సంఘం సమావేశంలో చాప మీద కూర్చుని ఒకరి అప్పు సంగతి పదిమంది ముందు మాట్లాడతారు. ఎందుకు కావాలి, ఎప్పుడు కడతావు, ఎట్లా కడతావు అని అడుగుతారు. పుస్తకంలో రాస్తారు, చదివి వినిపిస్తారు. చాయ్ హోటల్లో మనం చెయ్యని పని ఇదే. మనం పక్కవాడి అప్పు గురించి మాట్లాడతాం, మన అప్పు గురించి నోరు విప్పం.

ఆ సంఘాల బలాన్నే వాడుకుని వచ్చిన దెబ్బ కూడా మన ఊళ్లు చూశాయి. సూక్ష్మరుణ కంపెనీలు గుంపులు కట్టించి, ఒకరు కట్టకుంటే మిగతావాళ్లు కట్టాలని పట్టుబట్టాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చాయి. వారం వారం కిస్తీ. తోటి ఆడవాళ్లే వచ్చి గుమ్మం ముందు కూర్చునే పరిస్థితి వచ్చింది. ఆత్మహత్యలు జరిగాయి. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లకు అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది. దోస్తానాను పూచీగా పెట్టిన చోట ముందు దోస్తానా పోతుంది, తర్వాత పైసలూ పోతాయి. నలుగురైదుగురు కౌలు రైతులు కలిసి బ్యాంకులో ఉమ్మడి పూచీ గుంపుగా అప్పు తెచ్చుకోవడం మంచిదే, పట్టా పుస్తకం లేనివాళ్లకు బ్యాంకు గుమ్మం ఎక్కే దారి అది. అయితే ఆ నలుగురు ఒకరి లెక్క ఒకరికి పూర్తిగా చెప్పుకున్నవాళ్లయి ఉండాలి.

జబ్బు ముచ్చట కూడా ఇందులోదే. మన వైపు ఇల్లు కూలిపోయే అప్పు చాలాసార్లు ఆసుపత్రి బిల్లుతోనే మొదలవుతుంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. తెలంగాణలో దాని హద్దును 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. బ్యాంకు ఖాతాలో ఇప్పుడు ఏడాదికి ఇరవై రూపాయలు కోయించుకుంటే ప్రమాదంలో పోయినవాళ్ల ఇంటికి రెండు లక్షలు వచ్చే బీమా 2015 నుంచి ఉంది. రైతుబీమా 2018 ఆగస్టు నుంచి నడుస్తున్నది, పట్టా ఉన్న రైతు యాభై తొమ్మిది ఏళ్లలోపు ఏ కారణంతో చనిపోయినా ఐదు లక్షలు. ఇవన్నీ తెలిసినవాళ్లు చాయ్ బల్ల దగ్గర ఒకరుంటారు. తెలియనివాళ్లు పది మంది ఉంటారు. నామినీగా ఎవరి పేరు రాసి ఉందో చూసుకోనివాళ్లు ఇంకెంతో మంది. మా ఆటో తమ్ముడు ప్రమాద బీమా కట్టింది మెకానిక్ అన్న చెబితేనే. నామినీ పేరు ఇప్పటికీ పెళ్లికి ముందు రాసిన వాళ్ల నాయనదే ఉందని మొన్న తేలింది. మరునాడే బ్యాంకుకు పోయి భార్య పేరు రాయించి వచ్చాడు.

ఆత్మహత్య చేసుకున్న రైతు ఇంటికి పరామర్శకు పోయినప్పుడు ఆ ఇంటి ఇల్లాలి నోట నేను ఎన్నోసార్లు విన్న మాట ఒకటుంది. "గింత బాకీ ఉన్నదని నాకు తెల్వదు." చావు తర్వాత ఒక్కొక్కరే ప్రామిసరీ నోటు పట్టుకుని వస్తారు. అప్పుడు తెలుస్తుంది ఎన్ని చోట్ల తెచ్చాడో, ఏ మిత్తికి తెచ్చాడో. ఆ మనిషి రోజూ పొద్దున చాయ్ హోటల్లో మన పక్కనే కూర్చున్నాడు. వానల గురించి మాట్లాడాడు, ఓట్ల గురించి మాట్లాడాడు. తన బాకీ గురించి మాట్లాడలేదు. మనం అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటాడేమో అనుకున్నాం. పరువు పోతుందని ఆయన దాచుకున్నాడు. బాకీ ఎంతో నలుగురికి తెలిస్తే షావుకారుతో మాట్లాడడానికి నలుగురూ కలిసి పోవచ్చు, గడువు అడగొచ్చు, మూడ్రూపాల మిత్తిని సంఘం అప్పుతోనో బ్యాంకు అప్పుతోనో మార్పించొచ్చు, ఉన్న రెండెకరాల్లో అరెకరం అమ్మి మిగతాది కాపాడుకోవచ్చు. ఇవన్నీ మా చుట్టుపక్కల ఊళ్లలో జరిగినవే. బయటికి చెప్పిన బాకీలకే ఈ దారులు దొరికాయి.

అందుకని శ్రోతలారా, నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఈ మాట వింటున్న అన్నలకు, తమ్ముళ్లకు నా విన్నపం ఇది. ఈ రాత్రి అన్నం తిన్నాక మీ ఇంటి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద రాయండి. ఎవరి దగ్గర ఎంత తెచ్చారు, నెలకు నూటికి ఎంత, ఏడాదికి ఎంత, నోటు మీద ఎవరు సంతకం చేశారు, చిట్టీ ఎన్ని నెలలు మిగిలింది, బీమాలో నామినీ ఎవరు. ఆ కాగితం ఆమె దగ్గరే ఉంచండి. రేపు పొద్దున చాయ్ దగ్గర, కొన్నాళ్లుగా మాటలు తగ్గించిన దోస్తు ఎవరైనా ఉంటే, ఆయన చాయ్ పైసలు మీరే ఇచ్చి, నలుగురూ లేచిపోయాక నెమ్మదిగా అడగండి. "అన్నా, బాకీ ఎంతున్నది?" అని నేరుగా అడగండి. ఆయన చెప్పిన అంకె విని బెదరకండి, నీతులు చెప్పకండి, పక్కనే కూర్చుని మిత్తి లెక్క కట్టండి. ఫోనులో పైసలు పోయిన మోసమైతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చేయించండి. మనసు బాగా కుంగిపోయినట్టు కనబడితే 14416కు ఫోన్ కలిపి ఆయన చేతికివ్వండి. ఆ నంబరు పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు కాదు.